పసుపు రంగుకు భయపడ్డవాడు

మూడో గొట్టంలో రంగు మారలేదు.

నాచారంలోని ఆ చిన్న కంపెనీ ల్యాబ్‌లో ముగ్గురు ఒక స్టాండు మీదికి వంగి చూస్తున్నారు. స్టాండులో మూడు గాజు గొట్టాలు. మొదటిదాంట్లో పచ్చి పాలు. రెండోదాంట్లో కాచిన పాలు. మూడోదాంట్లో, కంపెనీ యజమాని నరసింహమూర్తి శవం పక్కన దొరికిన గ్లాసులో మిగిలిన పాలు. మూడింట్లోనూ ఒకే మందు పోశారు. మొదటిది పసుపుపచ్చగా మారింది. రెండోది తెల్లగానే ఉంది. మూడోదీ తెల్లగానే ఉంది.

“అయిపాయె,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ దయాకర్. “కాగిన పాలే. కాగబెట్టింది ముసల్ది. అండ్ల విషం గలిపింది ముసల్ది. ఇంకేమన్న పరీక్షలున్నయా చిదంబరంగారూ? జాతకం గిట్ల చూపిద్దమా?”

చిదంబరం మూడో గొట్టాన్ని వెలుగుకు ఎత్తి చూశాడు. ఆయన పోలీసు ఉద్యోగం వదిలేసి చాలాకాలమైంది. ఆయన కింద ఎస్సైగా ఉన్న రోజుల్లో దయాకర్ ‘అన్నా’ అని పిలిచేవాడు. ఇప్పుడు ‘గారూ’ అంటున్నాడు. గౌరవం పెరిగి కాదు.

శనివారం రాత్రి నరసింహమూర్తి ఉప్పల్‌లో తన ఇంటి మేడమీద గదిలో చనిపోయాడు. ఆదివారం పొద్దున భార్య చూసింది. పురుగుల మందు కడుపులోకి పోయిందన్నాడు డాక్టరు. అదే మందు గ్లాసులోనూ ఉంది. గ్లాసు మీద వంటమనిషి వెంకటనర్సమ్మ వేలిముద్రలున్నాయి. ఆమె మాత్రం ఆ రాత్రి సారుకు పాలే ఇవ్వలేదంది. అబద్ధం దొరికింది కాబట్టి సోమవారం పొద్దున్నే అరెస్టు చేశారు. రేపు కోర్టు.

అనుమానం తల్లిమీదికి పోగానే ఆమె కూతురు వచ్చి కాళ్లమీద పడితే చిదంబరం ఆదివారమే ఆ గ్లాసు చూశాడు. కాచిన పాలు చల్లారితే గాజుకు మీగడ పట్టాలి. పట్టలేదు. ఆ మధ్యాహ్నమే, పాలు కాగాయో లేదో పరీక్ష చేయించమని దయాకర్‌ని అడిగాడు. ఆ పరీక్ష చేసే కిట్లు తయారుచేసేది చనిపోయినవాడి కంపెనీయే.

“ఉమామహేశ్వర్‌గారూ,” అన్నాడు చిదంబరం, “ఈ రంగు ముచ్చట ఇంకోసారి చెప్పున్రి. నేను ఊరి బడిల చదువుకున్నోన్ని. నిమ్మళంగ చెప్పాలె.”

ఉమామహేశ్వర్ కంపెనీలో రెండో భాగస్వామి. వరంగల్ దిక్కు మనిషి. నరసింహమూర్తి డబ్బు పెడితే ఇతను చదువు పెట్టాడు. చేతులకు రబ్బరు తొడుగులు విప్పకుండానే మాట్లాడాడు.

“ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము ఇది. పచ్చి పాలల్ల పుట్టుకతోనే ఉంటది. దాని పని ఒక్కటే. దేనికన్నా ఫాస్ఫేటు అతుక్కొని ఉంటే దాన్ని తెంపి పడేస్తది. మేం పోసే మందుకు ఒక ఫాస్ఫేటు తోకలెక్క ఉంటది. తోక ఉన్నంతసేపు రంగుండదు. తెగిందా, పసుపు.”

“కాగబెడితే?”

“చచ్చిపోతది.” అతను రెండు పిడికిళ్లు ఒకదానికొకటి ఆనించాడు. “రెండు భాగాలు, కవల పిల్లలలెక్క. ఒక్కోదాంట్ల రెండు జింకు పరమాణువులు, ఒక మెగ్నీషియం. తెంపుడు జరిగేది వాటికాడనే. వేడి తగిలితే మడతలన్నీ ఇడిపోతయి.” పిడికిళ్లు విప్పాడు. “ప్యాకెట్ పాలు డెయిరీలనే వేడి చేస్తరు, వాటిల్ల ఉండదు. ఇంట్ల కాగబెట్టినా ఉండదు. పచ్చి పాలయితేనే పసుపు. డెయిరీలు మా కిట్టు కొనేది అందుకే. కాలేయం చెడ్డా, ఎముకల జబ్బొచ్చినా ఇదే ఎంజైము రక్తంల పెరుగుతది, ఆసుపత్రులూ కొంటరు. మీరు పచ్చి పాలన్నరు. కాదని తేలింది.”

“తేలింది,” అన్నాడు చిదంబరం. ఆయన చూపు బల్లమీద పక్కన పడేసిన ఖాళీ గొట్టం మీద ఉంది. పోలీసులు గ్లాసులోని పాలు పోసి తెచ్చింది దాంట్లోనే. దాని మూత ఊదారంగులో ఉంది. “ఈ మూత రంగేంది?”

“శాంపిల్ ట్యూబండీ. మా దగ్గర వందలుంటయి.”

గోడ దగ్గర నిలబడ్డ అమ్మాయి తలెత్తింది. హరిణి, ల్యాబ్‌లో కెమిస్టు. తలెత్తిన వెంటనే మళ్లీ దించుకుంది. చిదంబరం చూశాడు. చూసినట్టు కనిపించలేదు.

“ముసలామె ఒప్పుకున్నదా?” అని ఉమామహేశ్వర్ దయాకర్‌ని అడిగాడు. “ఇట్లాంటోళ్లు ఒక్కోసారి తట్టుకోలేక ఏమన్న చేసుకుంటరు. జర కనిపెట్టి ఉండున్రి.”

“నా స్టేషన్ల ఆమె నీళ్లు తాగాలన్నా నన్నడిగి తాగాలె,” అన్నాడు దయాకర్.

*

స్టేషన్‌లో వెనక గదిలో వెంకటనర్సమ్మ నేలమీద కూర్చుంది. బల్ల ఉంది. కూర్చోమంటే కూర్చోలేదట. గుమ్మం దగ్గర కానిస్టేబుల్ హన్మయ్య కుర్చీ వేసుకున్నాడు.

చిదంబరం ఓదార్చలేదు. ఓదార్పు ఆయనకు చేతకాదు.

“అబద్ధం ఎందుకు చెప్పినవు?”

“ఏం అబద్ధం సారు?”

“పాలియ్యలే అన్నవు. గ్లాసు మీద నీ ఏలిముద్రలున్నయి.”

ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు చాటునుంచే అంది: “అమ్మకు చెప్పరు గదా?”

“రేపు జైలుకు పోతున్నవు. అమ్మ తిడ్తదని భయమా ఇంకా?”

“ఆమె ఉపాసం చెడగొట్టిన్నంటరు సారు.” ఆమె కొంగు దించింది. “శనారం వాళ్లకు నాగుల చవితి. ఆ దినం పొయ్యి ముట్టియ్యరు, కూర కొయ్యరు. సలిమిడి తిని పండాలె. సారుకేమో పాలు తాగంది నిద్ర రాదు. ‘నర్సమ్మా, జర చూడవే’ అని బతిలాడిండు. ఎనక వాకిట్ల గ్యాసునూనె స్టవ్వు మీద కాగబెట్టిన. పైకి పోయి ఇచ్చిన. నా ముంగటనే తాగిండు సారు. గ్లాసు రేపు తీసుకపో అన్నడు.”

“నీ ముంగటనే తాగిండా? అంతా?”

“అడుగు దాకా. మంచిగున్నయన్నడు.”

చిదంబరం కాసేపు ఆమె కళ్లలోకి చూశాడు. ఆయన ఎవర్నీ తొందరగా నమ్మడు. ఏడ్చేవాళ్లను అసలే నమ్మడు. ఆమె ఏడవడం లేదు.

“ఏ పాలు?”

“ప్యాకెట్ పాలు. మూల దుకాణంల నేనే తెచ్చిన.”

“ఇంట్ల పాలు లేకుండెనా?”

“ఫ్రిజ్జుల గిన్నెడు ఉండె. గని అవి పుట్టల పోసినంక మిగిలిన పచ్చిపాలు. అవి కాగబెడ్తరా ఎవలన్న? పాపం గాదూ?”

చిదంబరం లేచి నిలబడ్డాడు. అప్పుడు ఆయన కాలికి ఒక స్టీలు ఫ్లాస్కు తగిలింది.

“ఇదేంది?”

“పాలు. అమ్మ పంపిందట, పొద్దున కంపెనీ డ్రైవరొచ్చి ఇచ్చి పోయిండు. నా మీద గింత కోపమున్నా, నేను ఉపాసమున్న సంగతి యాదికుంచుకున్నది. దేవత సారు ఆమె.”

“తాగలేదేం?”

“కార్తీక సోమారం గదా. సుక్క పొడిచినంకనే నోట్లె పోస్కుంట.”

హన్మయ్య నవ్వాడు. “పొద్దటిసంది బిడ్డలెక్క ఒళ్లె పెట్టుకున్నది సార్. ‘సల్లారిపోతయే అవ్వా, నాకన్న పొయ్యరాదు’ అంటె కొడ్తానికొస్తది.”

“నీకు ఇంటికాడ పెండ్లాం పోస్తది తియ్,” అంది ముసలామె.

“పెండ్లాం పోసేది పాలా? తిట్లు పోస్తది.”

చిదంబరం నవ్వలేదు. “హన్మయ్యా, గ్లాసుల పాలు గొట్టంల పోసింది నువ్వేనా?”

“నేనే సార్. మాకాడ సీసాలు లేకుండె. ఉమామహేశ్వర్ సారు కారు కాడికి పోయి గొట్టం తెచ్చి నా చేతికిచ్చిండు. ‘దీంట్ల పొయ్యి, మూత గట్టిగ పెట్టు’ అన్నడు. మంచి మనిషి.”

“ఆ మాట రేపు కోర్టుల చెప్తవా?”

“ఏం మాట సార్? మంచి మనిషి అనా?”

“గొట్టం ఆయనే ఇచ్చిండని.”

“ఇచ్చిండు కాబట్టి చెప్త. నాకేం భయం?”

*

ఉప్పల్‌లోని ఆ ఇంట్లో చిదంబరం ముందు వెనక వాకిలి చూశాడు. నీళ్ల డ్రమ్ము చాటున కిరోసిన్ స్టవ్వు. దానిమీద బోర్లించిన చిన్న గిన్నె. అంచున పాలు పొంగి మాడిన గీత. స్టవ్వు కింద కత్తిరించిన ప్యాకెట్ కవరు, చీమలు పట్టి ఉంది. దయాకర్ మనుషులు ఈ వాకిట్లోకి రానే లేదు. నేరం ఇంట్లో జరిగింది కాబట్టి ఇల్లే వెతికారు.

ముసలామె చెప్పింది నిజం. పాలు కాచింది. పొంగేదాకా కాచింది. అలాంటి పాలు చల్లారితే గ్లాసుకు మీగడ పట్టకుండా ఉండదు. అయితే గ్లాసులో మిగిలినవి అవి కావు.

తర్వాత వంటగది. ఫ్రిజ్ తెరిచాడు. పాలు లేవు. సింకు పక్కన కడిగి బోర్లించిన స్టీలు గిన్నె.

“పుట్టపాలు పెట్టింది దీంట్లనేనా అమ్మా?”

నరసింహమూర్తి భార్య సూర్యకళ గుమ్మంలో నిలబడింది. కళ్లు వాచి ఉన్నాయి. మాట మాత్రం గట్టిగా ఉంది.

“అందులోనేనండీ. చవితినాడు పుట్టలో పచ్చి పాలే పోయాలి. పీర్జాదిగూడలో గేదెలవాళ్ల దగ్గర తెప్పించాను. మిగిలినవి కాయకూడదు, పారబోయకూడదు. మర్నాడు చెట్టు మొదట్లో పోస్తాం. అందుకని ఫ్రిజ్‌లో పెట్టాను.”

“ఆదివారం పొద్దున?”

“ఖాళీ గిన్నె సింకులో ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఒక పక్క మావారి శవం, ఒక పక్క ఇది. అందరి ముందూ అరిచాను. ‘పుట్టలో పోయగా మిగిలిన పచ్చి పాలు కూడా వదల్లేదే పాపిష్ఠిదానా’ అని.”

“అందరంటే ఎవరెవరు?”

“ఒక కానిస్టేబులు. ఉమామహేశ్వర్‌గారు. ఆ ముండ.”

“అప్పటికి గ్లాసుల పాలు గొట్టంల పోసిన్రా?”

“లేదు. పోలీసాయన సీసా కావాలని అడుగుతున్నాడు.”

“ఉమామహేశ్వర్ గొట్టం తేవటానికి కారు దగ్గరికి పోయింది మీరు అరిచినంకనా, అంతకు ముందా?”

సూర్యకళ ఆలోచించింది. ఆమెకు ఆ ప్రశ్న ఎందుకో అర్థం కాలేదు.

“తర్వాతే. నా మాట విని ఆయన కాసేపు ఆ గిన్నెవైపే చూస్తూ నిలబడ్డారు. నన్ను ఓదార్చడానికి మాటలు దొరక్క అలా నిలబడ్డారనుకున్నాను. తర్వాత ‘నేను ట్యూబు తెస్తాను’ అని దిగి వెళ్లారు.”

“శనివారం రాత్రి ఆయన ఇక్కడికి వచ్చిండా?”

“ఫ్యాక్టరీ నుంచి నేరుగా ఇంటికెళ్లానని చెప్పారు. నాకు తెలీదు. ఉపవాసం, నీరసంగా ఉండి తొందరగా పడుకున్నాను. ఎవరైనా వస్తే తలుపు తీసేది మావారే.”

“మీ చవితి పద్ధతులు ఆయనకు ఎర్కేనా?”

“ఎలా తెలుస్తాయండీ? వాళ్ల వరంగల్ వైపు శ్రావణంలో పంచమికి పోస్తారటగా. కార్తీకంలో మా ఇంటి ఫ్రిజ్‌లో పచ్చి పాలుంటాయని వాళ్లెందుకనుకుంటారు? మీకు తెలుసా?”

“తెల్వదు. మా దిక్కు కూడ పంచమే.”

“మీ ఇంట్లో ఆడవాళ్లనైనా అడగాల్సింది.”

“అడగటానికి లేదు. పోయింది.”

సూర్యకళ తల దించుకుంది. చిదంబరం గుమ్మం దాటుతూ అడిగాడు.

“రేపు కోర్టుకు వస్తరా?”

“దాని మొహం చూడను. పదేళ్లు నా చేతి అన్నం తిన్నది. ఇకమీదట నా ఇంటినుంచి దానికి గుక్కెడు మంచినీళ్లు కూడా వెళ్లవు.”

ఆ మాట చిదంబరం చెవిన పడింది. మనసున పడలేదు. ఆయన మనసంతా ఊదారంగు మూత మీద ఉంది.

*

మళ్లీ నాచారం చేరేసరికి ల్యాబ్‌లో హరిణి ఒక్కతే ఉంది. ఉమామహేశ్వర్ పక్కన తన గదిలో ఫోన్ మాట్లాడుతున్నాడు. చిదంబరం తలుపు దగ్గరగా వేశాడు.

“మధ్యాహ్నం ఆ మూత సంగతి అడగంగనే నువ్వు తలెత్తినవు. మల్ల దించినవు. ఎందుకు?”

“నేనేం అనలేదు సార్.”

“అననందుకే అడుగుతున్న. రేపు ఒక ముసలామె జైలుకు పోతది.”

హరిణి పక్కగది వైపు చూసింది. గొంతు తగ్గించింది.

“ఊదా మూత ట్యూబులు రక్తానికి సార్. రక్తం గడ్డకట్టకుండా వాటిల్లో ఈడీటీఏ అని ఒక పొడి వేస్తారు. అది లోహాల్ని లాగేసుకుంటుంది. జింకు, మెగ్నీషియం లేకపోతే ఈ ఎంజైము పనిచెయ్యదు. పచ్చి పాలైనా పసుపు రాదు. మా పరీక్షకు ఆ ట్యూబు ఎప్పుడూ వాడకూడదు. ఇక్కడ చేరిన మొదటిరోజే నేర్పిస్తారు.”

“ఎవరు నేర్పిస్తరు?”

“ఉమామహేశ్వర్ సారే.”

చిదంబరం పక్కగది తలుపువైపు చూశాడు.

“మధ్యాహ్నం ఎందుకు నోరు తెరవలే?”

“నా ఉద్యోగం సార్.”

“మంచి ఉద్యోగం,” అన్నాడు చిదంబరం. అమ్మాయి మొహం ఎర్రబడింది. ఆయన జాలిపడలేదు. “అయితే ఆ ఎంజైము సచ్చినట్టేనా?”

“చావలేదు సార్. వేడి చేస్తే చస్తుంది. ఇది వేరు.”

“అడకత్తెర కొలిమిల పడి కరిగిపోవుడు వేరు. దాని నడిమి చీల ఎవడో పీకుడు వేరు. గంతేనా?”

“అంతే సార్. చీల మళ్లీ పెడితే తెగుతుంది. జింకు, మెగ్నీషియం ఎక్కువగా వేసి చూస్తే కొంతైనా పనిచెయ్యాలి.” ఆమె అప్పటికే ఫ్రిజ్ తలుపు తీస్తోంది. “శాంపిల్ ఇంకా కొంచెం మిగిలింది.”

చిదంబరం దయాకర్‌కి ఫోన్ చేశాడు. “రా,” అన్నాడు. ఇంకేం చెప్పలేదు.

దయాకర్ విసుక్కుంటూనే వచ్చాడు. అప్పటికి హరిణి రెండు గొట్టాలు సిద్ధం చేసింది. అలికిడికి ఉమామహేశ్వర్ కూడా గదిలోంచి వచ్చాడు. స్టాండు చూసి ఆగిపోయాడు.

“నన్నడగకుంట ఏం చేస్తున్నవు హరిణీ?”

“పరీక్ష సార్,” అంది.

“రెండు రోజుల పాలమ్మా అవి. బాక్టీరియా పెరిగి ఉంటది. దానికీ ఇదే ఎంజైము ఉంటది. రంగొచ్చినా లెక్కల్లోకి రాదు.”

“అందుకే రెండు పెట్టాను సార్. రెండింట్లోనూ గ్లాసులోని పాలే, రెండింట్లోనూ జింకు, మెగ్నీషియం వేశాను. రెండోదాన్ని మాత్రం ముందు డెయిరీలో చేసినంత వేడి చేశాను. బాక్టీరియా ఎంజైము ఆ వేడికి అంత తేలిగ్గా చావదు. రంగు దానివల్ల వస్తే రెండూ పసుపవుతాయి. పాలదైతే మొదటిదొక్కటే అవుతుంది.”

మందు పోసింది. దయాకర్ రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. ఉమామహేశ్వర్ గొట్టాలవైపు చూడటం లేదు. కిటికీవైపు చూస్తున్నాడు. బయట వెలుగు తగ్గుతోంది.

మొదటి గొట్టంలో ముందు నిమ్మతొక్క రంగు వచ్చింది. తర్వాత ముదిరింది. రెండోది తెల్లగానే ఉంది.

“పచ్చిపాలు,” అన్నాడు చిదంబరం.

దయాకర్ దవడ బిగుసుకుంది. “అయితే ఏంది? ముసల్దే ఫ్రిజ్జులకెళ్లి పచ్చిపాలు తీసింది. విషం కలిపింది. నా కేసుకు ఏం తక్కువైంది? మీకు పాతకాలం నుంచి ఇదే అలవాటు. నేను పట్టినోడు దొంగ కావొద్దు. మీరు పట్టినోడే కావాలె.”

“నువ్వు పట్టినోళ్లల్ల సగంమంది దొంగలు కారు కాబట్టి గట్లంటున్న. వెనక వాకిట్ల చూసినవా? పాలు పొంగిన గిన్నె ఉన్నది, ప్యాకెట్ కవరున్నది. ఆమె కాగబెట్టి ఇచ్చింది. కాగిన పాలు చేతుల పెట్టుకొని పుట్టపాలెందుకు తీస్తది?”

“ఎందుకన్న తీస్తది.”

“సరే, తీసిందే అనుకో. పాలు పచ్చివని తేలితే ఆమెకేం భయం? ఇసొంటి పరీక్ష ఉన్నదనే ఆమెకు ఎర్కలేదు. మరి పాలు పచ్చివని తేలొద్దని ఊదా మూత గొట్టం ఎవడిచ్చిండు? ఎందుకిచ్చిండు?” చిదంబరం ఒక్కో మాటా విడివిడిగా అన్నాడు. “నేను ఈ పరీక్ష అడిగింది ఆదివారం మధ్యాహ్నం. గొట్టం ఇచ్చింది ఆదివారం పొద్దున. నేను అడగకముందే ఒకడు ఈ పసుపు రంగుకు భయపడ్డడు దయాకర్. వాన్ని పట్టు.”

దయాకర్ మెల్లగా ఉమామహేశ్వర్ వైపు తిరిగాడు.

“పొరపాటు,” అన్నాడు ఉమామహేశ్వర్. “తొందరల చేతికి దొరికింది ఇచ్చిన.”

“ఈ ల్యాబ్‌ల కొత్తగ చేరిన పిల్ల చెయ్యని పొరపాటు, నేర్పిన గురువు చేసిండు,” అన్నాడు చిదంబరం. “ముసలామె ఇచ్చిన పాలు నరసింహమూర్తి తాగిండు. అవి మంచి పాలు. తర్వాత నువ్వొచ్చినవు. తలుపు ఆయనే తీసిండు. విషం దేంట్ల పెట్టి ఇచ్చినవో నువ్వే చెప్తవు, దయాకర్ అడుగుతడు. ఆయన పడిపోయినంక ఖాళీ గ్లాసు నీ కంట్ల పడ్డది. దాంట్ల విషం పాలుంటే నేరం వంటామె మీదికి పోతది. కిందికి దిగినవు. ఫ్రిజ్జుల గిన్నె తీసినవు. మామూలు ప్యాకెట్ పాలే అనుకున్నవు. తప్పు నీది గాదు. కార్తీకంల పుట్టకు పాలు పోస్తరని మన దిక్కోళ్లకేం తెల్సు? పొద్దున సూర్యకళమ్మ అరిచేదాకా నువ్వు పోసింది పచ్చిపాలని నీకు ఎర్కలేదు. ఏ వంటామె పచ్చిపాలు తాగనియ్యదు, పోసింది బయటోడని తేలుతదని ఊదా మూత గొట్టం తెచ్చినవు.”

“కథ బాగుంది. ఎందుకు చంపాలె నేను? నా పార్ట్‌నర్ ఆయన.”

జవాబు వెనకనుంచి వచ్చింది. హరిణి స్టాండు వదల్లేదు.

“శనివారం సాయంత్రం పెద్దసార్ నరసింహమూర్తిగారికి చెప్పింది నేనే,” అంది. “ఒక డెయిరీకి వెళ్లే కిట్లు పచ్చి పాలు పోసినా పసుపు చూపించట్లేదు. ఉమామహేశ్వర్ సారు దగ్గరుండి నింపించిన ఆ మందు సీసాల్లోనే ఈడీటీఏ ఉంది. ఆ కిట్టుతో చూస్తే కాగని పాలు కూడా కాగినట్టే పాసవుతాయి. పసిపిల్లలు తాగే పాలు సార్ అవి. పెద్దసారు నాతో ఒకే మాటన్నారు. ‘రాత్రికి ఉమామహేశ్వర్‌నే అడుగుతాను’ అన్నారు.”

“రాత్రి నువ్వు ఆయనింటికి పోయినట్టేనా మరి?” అన్నాడు దయాకర్. గొంతు మారింది. అతని చెయ్యి ఉమామహేశ్వర్ భుజం మీద పడింది.

ఉమామహేశ్వర్ తొడుగులు విప్పి బల్లమీద పెట్టాడు. మళ్లీ కిటికీవైపు చూశాడు.

“చీకటి పడ్డది,” అన్నాడు నింపాదిగా. “ముసలామె కాగబెట్టింది, ముసలామె ఇచ్చింది, ఆయన తాగిండు. ఇవన్నీ చెప్పాల్సింది ఆమె గదా. కోర్టుల నిలవడి చెప్పనియ్యున్రి. చూద్దం.”

“ఎందుకు చెప్పదు?”

అతని పెదవి కొద్దిగా కదిలింది. నవ్వు కాదు. నవ్వు లాంటిది.

చీకటి. సుక్క పొడిచినంకనే. గుక్కెడు మంచినీళ్లు కూడా నా ఇంటినుంచి వెళ్లవు.

చిదంబరం చెవిలో ఆగిన మాట అప్పుడు మనసులో పడింది. సూర్యకళ పంపలేదు. ఆమె ఎవరికీ ఏమీ పంపలేదు. డ్రైవరు కంపెనీవాడు.

“దయాకర్, స్టేషన్‌కు ఫోన్ కొట్టు! ముసలామె దగ్గర ఫ్లాస్కున్నది. ఒక్క చుక్క నోట్లె పొయ్యనియ్యకు. జల్ది!”

దయాకర్ ఎందుకని అడగలేదు. ఉమామహేశ్వర్ మొహం చూశాక అడగాల్సిన పనిలేదు. ఒక చేత్తో అతని కాలరు పట్టుకొని, రెండో చేత్తో నంబరు కొట్టాడు. మోగుతోంది. ఎత్తడం లేదు. మళ్లీ కొట్టాడు. ఈసారి స్టేషన్‌లో రాతకోతలు చూసే రైటరు ఎత్తాడు. దయాకర్ స్పీకర్ పెట్టాడు.

“ముసలామె ఏం చేస్తున్నది?”

“ఎనక అర్రలనే ఉన్నది సార్. మబ్బు పట్టింది, సుక్క కనవడ్తలేదని కిటికీకాడ నిలవడ్డది. సుక్క కనవడంది పచ్చి మంచినీళ్లు ముట్టదట. ఏం మనిషో.”

దయాకర్ ఊపిరి వదిలాడు. హరిణి కుర్చీలో కూలబడింది. చిదంబరం మాత్రం ఫోన్ దగ్గరికి వంగాడు.

“ఆ ఫ్లాస్కు తీసి బీరువాల పెట్టి తాళమెయ్యి. మూత తియ్యకు.”

“ఏ ఫ్లాస్కు సార్? ఆ పాలదా? అది ఖాళీ. అవ్వ వాకిట్లకు పోయి సుక్క పొడిచిందేమో చూసొచ్చేలోపల హన్మయ్య తాగిండు. అవ్వ వచ్చి ఒకటే లొల్లి సార్ వానితోని.” రైటరు నవ్వాడు. “రేపు నీకు డబల్ తెచ్చిస్త తియ్ అన్నడు.”

ఊదా మూత గొట్టాన్ని ఉమామహేశ్వర్ చేతినుంచి అందుకున్న సాక్షి హన్మయ్య ఒక్కడే.

“హన్మయ్యకియ్యి ఫోన్,” అన్నాడు దయాకర్.

“కడుపుల తిప్పుతుందని బల్లమీద తలపెట్టి పండిండు సార్. ఉండున్రి, లేపుత. హన్మన్నా! ఓ హన్మన్నా! సార్ పిలుస్తున్నడే.”

కుర్చీ పడ్డ చప్పుడు వినిపించింది. తర్వాత ముసలామె కేక. తర్వాత పరుగులు. రిసీవరు తాడుకు వేలాడుతూ గోడకు కొట్టుకుంటున్న చప్పుడు.

దయాకర్ సెల్‌ఫోన్ దించాడు. అతను చిదంబరం వైపు తిరిగాడు.

“అన్నా,” అన్నాడు. “వాడు లేస్తలేడన్నా.”